సారీకి అన్ని అర్థాలూ

రాజమండ్రి బస్సులో నర్సరీ కూలీ ఒకామెను అందరి ముందు నవ్వులపాలు చేశాను. ఆమె నా కాలు తొక్కి, "సారీ అండి" అంది. నేను అయిదో తరగతితో బడి మానేసి, డిక్షనరీ చూసి ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ణి. అర్థం తెలియకుండా ఆ మాట వాడితే నాకు ఒళ్లు మంట. "సారీ అంటే ఏంటో తెలుసా?" అని నిలదీసి, విచారం, పశ్చాత్తాపం, జాలి అని అర్థాలు చెప్పాను. అక్కడితో ఆగక రిగ్రెట్, అపాలజీ, పార్డన్ అంటూ ఏకరువు పెట్టాను. బస్సంతా నవ్వింది. ఆమె తల దించుకుంది.

కడియంలో దిగడానికి లేచి, దారికి అడ్డంగా ఉన్న నా సంచిని జాగ్రత్తగా దాటింది. ఇందాక ఆమె నా కాలు తొక్కింది దానికి తట్టుకుని తూలడం వల్లేనని అప్పుడు తెలిసింది. అన్ని మాటల్లో ఒక్కటీ నోట రాలేదు.

"అమ్మా, ఆ సంచి నాదేనమ్మా" అన్నాను.

"తెలుసండి. ఇందాక అన్ని మాటలు చెప్పారు కదండీ, వాటిలో ఒకటి నాకే చెప్పారనుకుంటాలెండి."