పాజ్‌లో పెట్టిన పెళ్లికొడుకు

నారాయణఖేడ్ బజారులో మాది బట్టల దుకాణం. వెనకే ఇల్లు. ముప్పై దాటినా నాకు పెళ్లి కుదరకపోయేసరికి, నాన్న ఒక సంబంధాల సైట్‌లో ఆరు నెలలకు డబ్బు కట్టి నా ఫొటో పెట్టించాడు. ఫోన్ నంబర్ మాత్రం తనదే ఇచ్చాడు. మూడు నెలలు గడిచాయి. చివరికి సంబంధం మాత్రం మా దుకాణానికి చీరలు కొనడానికి వచ్చిన కంగ్టి ఊరివాళ్ల ద్వారానే కుదిరింది.

మెంబర్‌షిప్ క్యాన్సిల్ చేయమని ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా, "క్యాన్సిల్ చేస్తే మిగతా మూడు నెలలు వేస్ట్ అవుతాయి సార్, పాజ్ పెట్టుకోండి" అంది.

"నాకు పెండ్లి కుదిరిందమ్మా."

"కంగ్రాచ్యులేషన్స్ సార్. పాజ్ పెట్టమంటారా?"

దుకాణదారుడి బుద్ధి నాది. చిరిగిన బనీను కూడా గుడ్డపేలికగా పనికొస్తుందని దాచేవాణ్ని. పెట్టమన్నాను. పాజ్ ఆరు నెలలకు దానంతటదే తొలగి, నా ఫొటో మళ్లీ అందరికీ కనిపిస్తుందని నాన్న ఫోన్‌కు మెసేజ్ వచ్చిందట. నేను చదవలేదు. పెళ్లి పనుల్లో ఉన్నాను.

పెళ్లయిన నాలుగు నెలలకు ఒక ఆదివారం నేను చుట్టాలింటికని మనూర్ వెళ్లాను. మధ్యాహ్నం నా భార్య ఫోన్ చేసింది.

"జల్దీ రా. నీ మామ వచ్చిండు."

"మీ నాయనా?"

"మా నాయన కాదు. కొత్త మామ."

నేను షేర్ ఆటోలో ఇల్లు చేరేసరికి ఇద్దరు పెద్దమనుషులు కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. ఒకాయన కల్హేర్ రైతు, ఆడపిల్ల తండ్రి. రెండోవాడు ఆ రైతు బావమరిది. బల్ల మీద మిఠాయి డబ్బా, ఖాళీ చాయ్ కప్పులు. మా నాన్న ఓ మూల నేల చూపులు చూస్తున్నాడు. రెండు రోజుల కింద వాళ్లు ఫోన్ చేసి, పెండ్లి సంగతి మాట్లాడనీకి వస్తమంటే, పెళ్లి బట్టలకనుకుని "రండ్రి, ఆదివారం గూడ తీసే ఉంటది" అన్నాడట.

వచ్చినవాళ్లు మొదట నా భార్యనే అడిగారట: "నువ్వు అబ్బాయికి చెల్లెవా బిడ్డా?"

"అబ్బాయికి నేనేమైతనో ఆయన్నే వచ్చి చెప్తడు. కూసోండ్రి" అందట. గంటన్నర కూర్చోబెట్టింది.

చెప్పాను. అంతకంటే కష్టమైన మాట నా జన్మలో చెప్పలేదు.

ఆ రైతు మిఠాయి డబ్బాను తన వైపుకు జరుపుకున్నాడు. "మరి ఫొటో ఎందుకు పెట్టినవయ్యా?"

"పెట్టలే. తీయలే, గంతే."

"ఎందుకు తీయలే?"

మిగతా మూడు నెలలు వేస్ట్ అవుతాయని అనలేకపోయాను. అప్పటికే నాన్న దగ్గర సంగతంతా రాబట్టిన నా భార్యే అనేసింది. ముందు బావమరిది నవ్వాడు, తర్వాత ఆ రైతు కూడా. నేనూ నవ్వబోయాను గానీ, ఆమె ముఖం చూసి ఆపుకున్నాను. ఆమె వాళ్లను జొన్నరొట్టె తినకుండా కదలనివ్వలేదు.

వాళ్లు వెళ్లగానే, సైట్ నంబర్‌కు ఫోన్ కలిపి ఇమ్మంది. అదే మర్యాద గొంతు, "మేడమ్, క్యాన్సిల్ ఎందుకు, ఇంకొక ఆరు నెలలు పాజ్..."

"నేను ఆయన పెండ్లాన్ని మాట్లాడుతున్న."

అవతల కీబోర్డు టకటకమంది. "ఓకే మేడమ్. క్యాన్సిల్ అయింది."

ఆ వారమంతా ఆమె నాతో మాట్లాడింది మూడు మాటలే: లే, తిను, జరుగు.

ఎండాకాలంలో ఆ రైతు శుభలేఖ పట్టుకుని మళ్లీ వచ్చాడు. బిడ్డకు సంబంధం కుదిరింది. పెళ్లి బట్టలు మా దగ్గరే కొన్నాడు. కల్హేర్‌లో పెళ్లి భోజనాల దగ్గర కొత్త అల్లుడికి నన్ను చూపించి, "మేము ఫస్టు చూడవోయిన పిలగాడు గీయన్నే" అన్నాడు. అల్లుడు నన్ను కింది నుంచి మీదికి ఓసారి చూశాడు. చేయి కలపాలా వద్దా అని ఇద్దరం తికమకపడుతుంటే, నా భార్య వడ్డించేవాణ్ని పిలిచి నా విస్తట్లో ఇంకో లడ్డూ వేయించింది.