నలభై ఒకటి అంటే ఎంత

సెలూన్‌లో అందరూ ఆమెను కత్తెరమ్మ అనే పిలుస్తారు. జుట్టు కత్తిరించడంలో చెయ్యి తిరిగిన మనిషి. అలాంటిది, ఆ రోజు ఒకావిడ ముంగురులు కనుబొమల దాకా ఉంచమంటే నుదుటి మధ్యకి తెచ్చేసింది.

"నీ ధ్యాస ఎక్కడుందమ్మా?" అంది ఆవిడ అద్దంలో చూసుకుని లబోదిబోమంటూ.

ధ్యాసంతా కూతురు బుజ్జులు ముందురోజు బడి నుంచి తెచ్చిన కాగితం మీదే ఉంది. మూడో తరగతి పిల్లలందరికీ ఒకేసారి పెట్టిన పెద్ద పరీక్ష ఫలితం అది. చదవడం అన్న గడిలో నలభై ఒకటి. చూడగానే ఆమె "వందకి నలభై ఒకటా? బడికి వెళ్లి ఏం వెలగబెడుతున్నావే?" అని నోటికొచ్చినట్టు తిట్టింది. పిల్ల కంచం ముందు నుంచి లేచిపోయింది.

"మీ ఆయనకి ఏనాడూ అన్ని రాలేదు. బతకడం లేదూ?" అంది అత్తగారు.

ఆ మాటతో ఆమె మనసు కుదుటపడలేదు. అందుకే మర్నాడు, ముంగురుల గొడవయ్యాక, మధ్యాహ్నం సెలవడిగి బడికి పరిగెత్తింది.

టీచరు కాగితాన్ని బల్ల మీద పరిచింది. "ఇవి మార్కులు కావమ్మా. ఇదే తరగతి పిల్లల్ని వందమందిని చదవడంలో వరసగా నిలబెడితే, నలభై ఒక్కమంది మీ పాప వెనక ఉంటారు."

"అంటే మధ్యకి కాస్త వెనకన్నమాట."

"అవును. ఇంకోరోజు రాస్తే కొంచెం అటూ ఇటూ కావచ్చు. పోయినేడాది ఇరవై ఏడు. అది చూశారా?"

చూడలేదు. ఆ గడి ఉందనే ఆమెకు తెలియదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అల్లరి చేస్తున్న పిల్లల్లో చదువులో ఎవరు ముందో, ఎవరు వెనకో అంచనా వేస్తూ స్టాపు దాటిపోయింది. తన మీద తనకే చిరాకేసింది.

ఇంటికొచ్చి బుజ్జులును దగ్గరికి లాక్కుంది. "నేనే తప్పుగా అర్థం చేసుకున్నానే. అవి మార్కులు కావట."

"నాకు తెలుసు. టీచరు క్లాసులోనే చెప్పింది."

"మరి నిన్ననే చెప్పొచ్చుగా?"

"నువ్వు అరుస్తుంటే ఎలా చెప్పను?"



ఇప్పుడు రోజూ పొద్దున్నే ఇద్దరూ ఒక పేజీ చదువుతారు. పిల్ల తడబడినప్పుడల్లా మాట అందించాలని ఆమెకు నాలుక దురద పుడుతుంది. పెదవి కొరుక్కుని ఆగుతుంది. ఒక్కోసారి ఆగలేకపోతుంది.

"అమ్మా, చదివేది నువ్వా, నేనా?" అంటుంది బుజ్జులు.