కిషన్‌బాగ్ బోరింగు నీళ్ళు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను పురానాపూల్ దగ్గర ఒక పెద్ద బ్యాంకు శాఖలో అప్పుల పని చూసేదాన్ని. మాది తెనాలి వైపు. పాతబస్తీకి బదిలీ అయి ఇంకా ఏడాది తిరగలేదు. ఆ రోజుల్లోనే పెద్దాఫీసు నుంచి ఒక బోర్డు వచ్చింది. నీటినీ గాలినీ పాడుచేసే వ్యాపారాలకు, మనుషుల హక్కుల్ని తొక్కే వ్యాపారాలకు మా బ్యాంకు అప్పివ్వదని తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషుల్లో రాసి ఉంది. మేనేజరుగారు దాన్ని క్యాష్ కౌంటర్ పక్కన కొట్టించారు. ఆ తర్వాత మేమెవరం దానివైపు చూడలేదు.

చూసింది కిషన్‌బాగ్‌లో బుర్ఖాలు కుట్టే ఒకావిడ. పాస్‌బుక్ పనిమీద వచ్చి, నిలబడి ఉర్దూ అంతా చదివి, తిన్నగా నా బల్ల దగ్గరికొచ్చింది.

"మేడమ్, గోడకు రాసింది సచ్చేనా?"

"నిజమేనండీ."

"మరి మా గల్లీల రంగుల కార్ఖానాకు లోన్ ఎట్లిచ్చిన్రు? మా బోరింగుల నీళ్ళు నీలంగ వస్తున్నయ్. పిల్లల చేతులకు దద్దుర్లు లేస్తున్నయ్. ఒక్కపారి వచ్చి చూడుండ్రి."

ఆ కార్ఖానాకు అప్పు నేను రాకముందే ఇచ్చారు. కానీ కొత్త యంత్రాలకోసం దాని యజమాని మళ్ళీ అడిగిన దరఖాస్తు నా బల్లమీదే ఉంది. ఆ పూట కుర్చీలో నిలకడగా కూర్చోలేకపోయాను. లేచి కిటికీ దాకా వెళ్ళడం, మళ్ళీ రావడం.

మర్నాడు వెళ్ళాను. ఆవిడ బోరింగు కొడుతుంటే బిందెలోకి నీలిరంగు నీళ్ళు దిగాయి. గోడ అవతలే కార్ఖానా. తెరిచిన గేటులోంచి చూస్తే లోపల ఆడవాళ్ళు ఉత్త చేతులతో రంగుబట్టలు జాడిస్తున్నారు. ఆ నీళ్ళు నేలలోకే ఇంకుతున్నాయి.

"అగో, ఆ చివరకున్నది మా చెల్లె," అందావిడ.

నేను ఆవిడవైపు తిరిగాను. "ఆమె పని పోతే?"

"ఫికర్ లేదంటే అబద్ధమైతది. కానీ నీళ్ళైతే తాగాలె గద!"

సంగతి చెబితే మేనేజరుగారు విసుక్కున్నారు. "బోర్డు పదిమందీ చూడ్డానికమ్మా. దాన్ని పట్టుకుని మీరు ఊరేగుతారా?"

అయినా చూసింది చూసినట్టు పెద్దాఫీసుకు రాశాను. మురికినీళ్ళు శుభ్రం చేసే ఏర్పాటు, పనివాళ్ళకు చేతితొడుగులు ఉంటేనే కొత్త అప్పు అని వాళ్ళు షరతు పెట్టారు.

కార్ఖానా యజమాని నా బల్ల మీదికి వంగి మరీ అడిగాడు. "నా దగ్గర పనిచేసే ఆడోళ్ళకు హక్కులు లేవా మేడమ్? కార్ఖానా బందైతే వాళ్ళకు తిండి మీరు పెడ్తరా?"

ఏర్పాటు చేస్తే అప్పు తప్పకుండా వస్తుందని ఎంతో నచ్చజెప్పాను. అతను వినలేదు. పాత అప్పు తీర్చేసి, బార్కస్ దాటి ఎక్కడో ఊరి బయటికి షెడ్డు మార్చేశాడు. అక్కడి నీళ్ళు ఎవరు తాగుతారో నాకు తెలియదు. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా చేతిలో పని ఆగిపోయేది.

వానలు పడి వెళ్ళాక, మళ్ళీ బదిలీ కాగితం వచ్చాక, ఒక ఆదివారం కిషన్‌బాగ్ వెళ్ళాను. బోరింగు నీళ్ళు తేటపడుతున్నాయి, కానీ తాగడానికింకా భయపడుతున్నారు. చెల్లెలు ఇంట్లోనే ఉంది. షెడ్డు దూరమైపోయింది, రెండు బస్సులు మారి వెళ్ళడం కుదరక పని మానేసిందట. అక్క కుట్టిన బుర్ఖాలకు గుండీలు కుడుతోంది.

నాకు మళ్ళీ బదిలీ అయిందని చెప్పాను. అక్క చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. చెల్లెలు సూది ఆపి నావైపు చూసింది.

"మేడమ్, ఇప్పుడు పోయే కాడ గూడ గిట్లనే చేస్తరా?"

కోపంగా అడిగిందో, ఆశగా అడిగిందో పోల్చుకోలేకపోయాను.

"చేస్తాను," అన్నాను.

"అయితే ముందుగాల మాసొంటోళ్ళను గూడ అడుగుండ్రి," అని మళ్ళీ సూదిలోకి దారం ఎక్కించుకుంది.

చాయ్ వేడిగా ఉండగానే తాగేసి లేచాను. ఆటో ఎక్కాలనిపించలేదు. పురానాపూల్ దాకా నడుస్తూనే ఉన్నాను.