క్లచ్ జారని ఆయిల్

బండి విషయంలో నాకు చాదస్తం ఎక్కువ. ఇంజన్ ఆయిల్ దగ్గరైతే మరీను. అది రెండు సిలిండర్ల వి-ట్విన్ బైకు, సెకండ్ హ్యాండ్‌ది. ముందు సిలిండర్‌కు గాలి తగులుతుంది, దాని వెనక నక్కిన రెండోది మాడిపోతూ ఉంటుంది. అందుకని మన ఎండలకు కాస్త చిక్కటి ఆయిల్ కావాలి. అదీ బైకుల కోసం చేసిందే అయి ఉండాలి. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. ఇదంతా అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పేవాణ్ణి.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. మాది కోస్తా నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడిన కుటుంబం. నేను యూనివర్సిటీ క్యాంపస్‌లో పరిశోధన చేస్తున్నాను. ల్యాబులో నా పక్క టేబుల్ నల్గొండ పల్లె నుంచి వచ్చిన జూనియర్‌ది. హాస్టల్లో ఉండేవాడు, ఊరేగింపులకు వెళ్లేవాడు. ఆ గొడవల మధ్యే చదివి లెక్చరర్ పోస్టుకు సెలెక్టయ్యాడు. ఆర్డర్ చేతికి రావాల్సి ఉంది. పోలీసు కేసు ఒక్కటి పడితే ఆ ఉద్యోగం గోవిందా. ఆ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

ఒకరోజు పొద్దున్నే డిపార్ట్‌మెంట్ షెడ్డులో పాత ఆయిల్ మొత్తం దించేశాను. కొత్తది కొనడానికి లేచేసరికి బంద్ అన్నారు. షట్టర్లు పడిపోయాయి, గేట్ల దగ్గర పోలీసులు ముళ్లకంచె వేశారు. బండి అక్కడే వదిలేస్తే ఎవరైనా తగలబెడతారేమోనని నా భయం. బయటికి వెళ్తే నా యాస విని ఎవరేమంటారోనని ఇంకో భయం.

"నువ్వు పోకన్నా, నేను తెస్త," అన్నాడు జూనియర్.

సగం ఎత్తిన షట్టరు కింద దూరి, బతిమాలి తెచ్చాడు. సీలు వేసిన మూడు లీటర్ల డబ్బా. తిప్పి చూశాను. కారు ఆయిల్.

"ఇది పనికిరాదు. క్లచ్ జారుతుంది."

"జర జారితే ఏమైతదన్నా? ఇంటిదాంక అయితే పోతది గద."

నిజమే, మా ఇల్లు ఎంత దూరమని? దాంతోనే నిక్షేపంగా వెళ్లిపోయేవాణ్ణి. నేను మాత్రం ఒంటికాలి మీద లేచాను. క్లచ్ ప్లేట్ల గురించి క్లాసు పీకాను. అతను లాలాగూడలో తెలిసిన మెకానిక్ ఉన్నాడంటూ మళ్లీ బయల్దేరాడు. అక్కణ్ణుంచి ఫోన్ చేసి, ఆయిల్ బకెట్ మీద రాసిందంతా నాకు చదివి వినిపించాడు. సరిగ్గా నాకు కావలసిందే. కానీ బకెట్ పెద్దది. విడిగా పోసివ్వడానికి మెకానిక్ దగ్గర ఒక పాత తెల్ల డబ్బా తప్ప ఏమీ లేదట.

"దాంట్లోనే పోయించుకుని వచ్చెయ్," అన్నాను.

పిల్లలు ఒంటిమీద పెట్రోలు పోసుకుని కాలిపోతున్న రోజులు. విద్యార్థి చేతిలో డబ్బా కనబడితే పోలీసులు వదిలేవాళ్లు కాదు. నాకు తెలియదా? రోజూ పేపర్లో చదువుతూనే ఉన్నాను. ఆ క్షణాన నా బుర్రలో క్లచ్ ఒక్కటే ఉంది. అతను ఎంతకీ రాకపోతే, ఫోన్ ఎత్తకపోతే, బండి పక్కన కూర్చుని విసుక్కున్నాను కూడా. సాయంత్రం హాస్టల్ విద్యార్థి ఒకతను వచ్చి చెప్పాడు, గేటు దగ్గర డబ్బాతో సహా పట్టుకుపోయారని.

బండి కాగితాలు పట్టుకుని స్టేషన్‌కు పరిగెత్తాను. అతను గోడవారన నేలమీద కూర్చుని ఉన్నాడు. ఆయిల్ నాదని, నా బండికేనని చెప్పాను. ఇన్‌స్పెక్టర్ కాగితాలు చూశాడు, మాది ఏ ఊరని అడిగాడు. చెప్పాను. కుర్చీ చూపించాడు. మధ్యాహ్నం నుంచి జూనియర్ మొత్తుకుంటున్న మాటే నేనూ చెప్పాను, నన్ను ఇట్టే నమ్మారు. కేసు రాయకుండా అతన్ని వదిలేశారు. హమ్మయ్య అనుకున్నాను, సిగ్గు లేకుండా.

బయట వాళ్ల నాన్న నిలబడి ఉన్నాడు. నీ కొడుకు డబ్బాతో దొరికిండని ఎవరో ఫోన్ చేస్తే, దొరికిన లారీ ఎక్కి వచ్చాడట. కొడుకును దగ్గరికి లాక్కుని ముందు జుట్టు, తర్వాత చొక్కా వాసన చూశాడు. అప్పుడు నా వైపు తిరిగి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఆయిలని చెప్పి నా కొడుకును బతికిచ్చినవ్ బిడ్డా."

"నిజంగా ఆయిలే పెద్దయ్యా. నా బండికి నేనే తెమ్మన్నాను."

"గట్లనే చెప్పు. ఎవలడిగినా గట్లనే చెప్పు."

"నిజమే నాయినా," అన్నాడు కొడుకు. ఆయన తల ఊపాడు, నమ్మలేదు. బండి కాగితాలు తీసి చూపించబోయాను, ఆయన వాటివైపు చూడలేదు.

"ఒక్క మాటియ్యి బిడ్డా. ఇంకోపాలి వాని చేతికి డబ్బా రానియ్యకు."

సరేనన్నాను. ఆయన నా చేతులు కళ్లకద్దుకున్నాడు. లాక్కోబోయాను, ఆయన వదల్లేదు.