సర్వర్ కింద నిమ్మకాయలు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ లేదు. ఆ రోజులంటే మరీ పాతకాలం కాదు, కాలేజీ వదిలి రాయదుర్గంలో మా మేనమామ జీన్స్ కుట్టే యూనిట్లో చేరిన కొత్త రోజులు. మామ గీసిన జేబు డిజైన్ వాట్సాప్‌లో బళ్లారి వ్యాపారికి చేరేలోపే పక్కవీధి యూనిట్లో కుట్టేసేవాళ్లు. "దీనికేదన్నా దావ చూడప్పా" అన్నాడు మామ. నేను ఇంటర్నెట్‌లో ముక్కూమొహం తెలియనివాళ్లను ప్రశ్నలతో చంపుకుతిని (ఒకాయన "ముందు రౌటర్‌తో వచ్చిన పుస్తకం చదువు స్వామీ" అని దణ్ణం పెట్టాడు), ఒక పాత కంప్యూటర్‌ను మా సొంత సర్వర్‌గా నిలబెట్టాను. డిజైన్లన్నీ అందులోనే, తాళం వేసి ఉంటాయి. తీయగలిగేది మేమూ, ఆ వ్యాపారీ మాత్రమే. నకలు ఇంకెక్కడా, కాగితం మీద కూడా, ఉండకూడదని శాసనం చేసింది కూడా నేనే.

ఆయుధపూజ నాడు మధ్యాహ్నం వ్యాపారి ఫోన్ చేశాడు. సాయంత్రంలోగా కొత్త డిజైన్ చూడకపోతే గుడ్డ వేరే యూనిట్‌కు పంపేస్తానన్నాడు. గుడ్డ రాకపోతే పండగ తర్వాత మా టైలర్లందరూ పని లేక ఇంట్లో కూర్చోవలసిందే. పరుగున వెళ్లి చూద్దును కదా, కుట్టుమిషన్ల వరసలో మా సర్వర్ కూడా పసుపు కుంకుమలతో, బంతిపూల దండతో, కరెంటు లేకుండా ప్రశాంతంగా కూర్చుని ఉంది.

"దీన్నెందుకు ఆపినావు మామా?"

"పూజ చేసిన మిషన్ను ఈపొద్దు ముట్టకూడదప్పా. రేపు పొద్దున తీస్తాం."

"రేపటికి గుడ్డ యాడుంటాదో!"

మామ ముఖం వాడిపోయింది గానీ చెయ్యి మాత్రం కదల్లేదు. నాకేమో ఏడుపొక్కటే తక్కువ. నెట్‌వర్కుల గురించి చదివినదంతా ఏకరువు పెట్టాను, ఒక్క ముక్కా పనికిరాలేదు. అప్పుడు ప్రసాదం పంచుతున్న మా అత్త అడిగింది.

"ఇంతకీ అది కుడతాదా?"

"కుట్టదత్తా. డిజైన్లు మోసుకుపోతాది, అంతే."

"మోసుకుపోయేది మిషనెట్లయితాది? బండి కదా! బండికి పూజ చేసినాక నిమ్మకాయలు తొక్కించి ఒక రౌండు తిప్పల్ల. ఊరికే నిలబెట్టకూడదు."

(సర్వర్ ఉన్నచోటు నుంచి కదలదని చెప్పడానికి నోరు తెరిచి, జీవితంలో మొదటిసారి మూసుకున్నాను.)

మామ కంప్యూటర్‌ను రెండు చేతులా ఎత్తి నిమ్మకాయల మీద దించాడు. అవి చితికాయి. నేను స్విచ్ వేశాను. లోపల ఫ్యాను తిరిగింది, దండలో పూరేకులు వణికాయి. వ్యాపారికి ఫోన్ కలిపి చూడమన్నాం. టైలర్లంతా చుట్టూ మూగారు. కాసేపటికి బళ్లారి నుంచి సగం కన్నడంలో కేక వినిపించింది. "బంతు! బంతప్పా! వచ్చేసినాది! జేబు చెన్నాగుండాది. గుడ్డ పంపిస్తా!"

"దావలో ఎవురూ చూడలేదా?" అన్నాడు మామ, గుసగుసగా.

"చూసినా ఏమీ తెలీదు మామా. తాళం తీసేది ఆయప్పొక్కడే."

"ఈడ పెట్టింది ఆడ తేలె! నడుమ ఎవురికీ కనపడకపాయె!" అని మామ ఆ డబ్బాకు చేతులు జోడించాడు. నవ్వబోయి, నేనూ జోడించాను. వైర్లు నేను తగిలించినవే, తాళం నేను వేసిందే, అయినా ఒళ్లు జలదరించింది. ఎంత అద్భుతమది!

ఇప్పుడు బెంగళూరులో ఒక పెద్ద కంపెనీ సర్వర్లు చూసుకుంటున్నాను. క్షణక్షణానికీ ఎన్నో ఫైళ్లు వచ్చిపోతుంటాయి, ఒక్కదాని కోసమూ కుర్చీలోంచి లేవను. అన్నీ తెలుసనుకున్న ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. కానీ ఆ మధ్యాహ్నం చేతులు జోడించి నోరు తెరుచుకుని నిలబడ్డాడు చూడండి, వాడంటే మాత్రం నాకు అసూయే.