నాలుగో బిళ్ళ

మా బాపు గట్టయ్య ఎవరింట్లో అడుగుపెట్టినా ముందు మనుషుల్ని చూడడు, పైకప్పును చూస్తాడు. పెళ్ళికి పోతే ఫంక్షన్ హాల్లో స్తంభం పక్క కుర్చీ వెతుక్కుంటాడు. నేను కరీంనగర్‌లో గది అద్దెకు తీసుకున్నప్పుడు మంచం ఎక్కి, గొడుగు కర్రతో స్లాబును నాలుగు చోట్ల తట్టి విని, "ఖరాబు లేదు" అన్నాడు. ఆయన నోట అంతకు మించిన మెచ్చుకోలు నేనెన్నడూ వినలేదు. ఇంజనీరింగ్ పాసైననాడు నాకు ఆ మాట కూడా దక్కలేదు. ఆ కోపం ఇంకా ఉంది, దాచుకోను.

మందమర్రి బొగ్గుబాయిలో ముప్పై రెండేళ్ళు టింబర్‌మన్‌గా చేశాడు. బొగ్గు తవ్వేవాళ్ళ నెత్తిన కప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టే పని అది. ముందు కప్పును కర్రతో తట్టాలి. గట్టిగా మోగితే సరే, డొల్లగా పలికితే దిమ్మె పెట్టాలి. దిగేటప్పుడు ప్రతి మనిషీ తన ఇత్తడి బిళ్ళను ల్యాంపు గదిలో ఇచ్చి లైటు తీసుకుంటాడు. పైకొచ్చి లైటు అప్పగిస్తేనే బిళ్ళ తిరిగి చేతికొస్తుంది. కొక్కేనికి బిళ్ళ వేలాడుతుందంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. తన జట్టు బిళ్ళలన్నీ దిగేదాకా బాపు ఇంటి తోవ పట్టేవాడు కాదు. కూర చల్లారిందని అవ్వ, అంటే మా అమ్మ, రోజూ తిట్టేది.

నేను వీడియో గేములు తయారుచేసే చిన్న ఆఫీసులో పనిచేస్తాను. ఏడుగురం ఉంటాం. నిరుడు మొదలుపెట్టిన గేములో రాబోయే కాలపు కథ. ఇంకో ఇరవై ఏళ్ళకు ఏదో పరాయి సైన్యం మన నేలను ఆక్రమిస్తుంది. ఆడేవాడి చేతిలో తుపాకీ ఉంటుంది. తెర మీద ఆ తుపాకీ, ఎదురుగా ఉన్నది తప్ప తన మొహం తనకు కనిపించదు. మూతపడ్డ బొగ్గుబాయి గుండా తప్పించుకునే ఘట్టం నా వాటాకు వచ్చింది. మా ఇంటి గోడకున్న ఫోటోలోంచి బాపు జట్టు పేర్లే తీసి, ఆడేవాడి వెంట వచ్చే ముగ్గురికి పెట్టాను: హనుమండ్లు, అంజన్న, ముత్తయ్య. కథ ప్రకారం ముత్తయ్య మీద కప్పు కూలుతుంది. ఎవరెంత బాగా ఆడినా కూలుతుంది. హీరోకు పగ పుట్టేది అక్కడే.

ఒక ఆదివారం ల్యాప్‌టాప్ పట్టుకుని మా ఊరు మందమర్రి పోయాను. "ఇది మా బాయి లెక్కనే ఉన్నది" అని ఆయన నోట అనిపించుకోవాలి. అంతే నా కోరిక.

మౌసు పట్టుకోవడం అరగంటలో నేర్చుకున్నాడు. తుపాకీ మాత్రం పేల్చలేదు. సొరంగం మొదట్లోనే ఆగిపోయాడు.

"కప్పు తట్టేది ఏ బటన్?"

"గట్ల లేదు బాపు. ఉరకాలె. ఎనుక సిపాయిలు వస్తుండ్రు."

"రానీ. తట్టకుంట లోపలికి ఎట్ల పోతరు?"

సిపాయిలు వచ్చి కాల్చేశారు. మళ్ళీ ఆగాడు, మళ్ళీ చచ్చాడు. ఐదోసారి నా పోరు పడలేక ఉరికాడు. కప్పు కూలింది. "ముత్తయ్యా!" అని తెరలోంచి కేక వినిపించింది. బాపు మౌసు వదిలేశాడు.

"గాయినను ఎవలు సంపిండ్రు?"

"శత్రువులు, బాపు. కథ గంతే."

"కప్పు కింద దిమ్మె లేదు. దిమ్మె పెట్టనిది ఎవలు?"

"నేనే," అన్నాను.

ఆయన లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు. మెచ్చుకోలు కోసం పోతే నాకు దక్కింది ఇదీ. ఒళ్ళు మండింది. "ఆటకు గింత అలుగుడు ఎందుకు?" అని అవ్వ దగ్గర గొణిగాను. అవ్వ రొట్టె మీంచి తలెత్తలేదు. "ముత్తయ్యనే అడుగుపో," అంది.

ముత్తయ్య మామ మా వెనక గల్లీలోనే ఉంటాడు. ఎడమ కాలు ఈడుస్తూ నడుస్తాడు. సైకిల్ మీంచి పడ్డాడని చిన్నప్పుడెవరో చెప్తే నమ్మాను. పిలిస్తే వచ్చి తన చావు తానే చూసుకుని, పడీపడీ నవ్వాడు.

"నన్నే సంపినవా బిడ్డా! ఇరవై ఆరేండ్ల కింద గిట్లనే కూలింది. అందరు ఉరికిండ్రు. మీ బాపు ఉరకలే. పైనుంచి ఇంక రాలుతనే ఉన్నది, దిమ్మె ఎనుక దిమ్మె పెట్టుకుంట నా కాడికి వచ్చిండు. రెండు గంటలు పట్టింది. నన్ను గుంజి తీసిండు. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. బాపు తన బతుకులో చేసిన అంత పెద్ద పనిని నేను కథ రక్తి కట్టడం కోసం చెరిపేశాను. తెలియక చేసినా తల కొట్టేసినట్టయింది.

సోమవారం మా ఆఫీసు పెద్ద ఓంప్రకాశ్‌తో గొడవపడ్డాను. "ముత్తయ్య బతికితే హీరోకు కోపం ఎట్ల వస్తది?" అన్నాడు. "సొంత ఊరు పరాయోని చేతిల ఉన్నది. గది సాలదా సార్?" అన్నాను. ఆయన వారం గడువిచ్చాడు. కప్పు తట్టే బటన్ పెట్టాను, దిమ్మెలు పెట్టాను. చివర్లో ల్యాంపు గది, నాలుగు కొక్కేలు, నాలుగు బిళ్ళలు: ఆడేవాడిది ఒకటి, వెంట వచ్చేవాళ్ళవి మూడు. తట్టుకుంటూ పోతే ఆలస్యమవుతుంది, సిపాయిలు దగ్గరికొస్తారు. కానీ మనిషి దక్కుతాడు.

తర్వాతి ఆదివారం బాపు ఆడి నలుగురినీ పైకి తెచ్చాడు. నేను "మా బాయి లెక్కనే ఉన్నది" అనే మాట కోసం కాచుకున్నాను. అనలేదు. ఒక చోట డొల్లగా పలుకుతుందనీ, ఇంకో దిమ్మె కావాలనీ అన్నాడు.

అప్పుడు, ఆట చూడడానికి వచ్చి కూర్చున్న ముత్తయ్య మామ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "బిడ్డా, గా కప్పు కింద నా పేరు తీసెయ్. మీ బాపు పేరు పెట్టు. ఇప్పుడు నేను ఆడుత."

పేరు మార్చాను. మొదటిసారి ఆయన తొందరలో ఒక దిమ్మె మరిచాడు, గట్టయ్య మీద కప్పు కూలింది. "సంపినవ్ పో," అన్నాడు బాపు, చాయ్ తాగుతూ. రెండోసారి ముత్తయ్య మామ తొందరపడలేదు. ల్యాప్‌టాప్‌కు చెవి ఆనించి, తట్టి విని, దిమ్మె పెట్టి, మళ్ళీ తట్టాడు. సిపాయిల బూట్ల చప్పుడు దగ్గరపడింది. అవ్వ వేసిన రొట్టె పెనం మీదే మాడుతోంది, ఎవరూ పట్టించుకోలేదు. తెర మీద మూడు బిళ్ళలు దిగాయి. నాలుగోది వేలాడుతూనే ఉంది. చాలాసేపటికి అదీ దిగింది.

ముత్తయ్య మామ మౌసు వదిలి తడి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. బాపు చాయ్ గ్లాసు కింద పెట్టి ఆయన భుజం మీద చెయ్యేశాడు.

"ఇరవై ఆరేండ్లు పట్టిందిర నీకు," అన్నాడు.