మూతి కట్టిన సంచి

"సంచిల వెట్టకు అవ్వా, దానికి గాలాడదు. బుట్టల వెట్టి నా ఒళ్లె వెట్టుకుంట."

"బుట్టల వెడితే తొవ్వంత చూసుకుంటది. రేపు మల్ల ఈడనే తేల్తది."

"గట్లయితే నేను రాను."

"రాకు. పిల్లీ నువ్వూ గా మగ్గం గుంటలనే కూసోండ్రి."

మోత్కూర్‌లో మా ఇంటి ముందు నా మనవరాలు లావణ్యకూ నాకూ జరిగిన గొడవ ఇది. నేను మూడో తరగతి దాకానే చదివాను. అయినా దయ్యాలను ఏనాడూ నమ్మలేదు. ఇల్లు మారేటప్పుడు పిల్లికి దారి కనపడకూడదన్నది మాత్రం నమ్మాను. మా అత్త అట్లాగే చేసేది.

ఆ పొద్దున్నే షాద్‌నగర్ నుంచి ఫోన్ వచ్చింది. నా కొడుక్కు కంపెనీలో పని దొరికింది, మర్నాడే చేరాలట. అటు పోయే ట్రాలీ ఆటో ఒకటి పదింటికి ఉంది. పక్కింటి యాదమ్మకు కోళ్లున్నాయి, చిట్టిని ఉంచుకోనంది. ఎడమ చెవి చిరిగిన బూడిదరంగు పిల్లి అది. నేను గుంటలో కాళ్లు పెట్టి మగ్గం నేస్తుంటే నా కాళ్ల దగ్గరే పడుకునేది.

గోనె సంచిలో వేసి, మూతికి రెండు ముళ్లు వేశాను. నిజం చెప్పాలంటే బుట్ట కొత్తది, గీకి పాడు చేస్తుందని కూడా అనుకున్నాను.

ఎండాకాలం. సంచి వెనక సామాన్ల మధ్య, టార్పాలిన్ కింద ఉంది. మేం ముందు ఇరుక్కుని కూర్చున్నాం. చౌటుప్పల్ దాకా అరుపు వినిపించింది. తర్వాత లేదు. ఒక్కసారి విప్పి చూద్దామని లావణ్య బతిమాలింది. "పండుకున్నది తియ్" అన్నాను.

షాద్‌నగర్‌లో ముళ్లు విప్పితే చిట్టి బిగుసుకుపోయి ఉంది. లావణ్య ఏడవలేదు. నా వైపు చూడనూ లేదు. మేం దిగిన అద్దె గది వెనక కొడుకు గుంత తవ్వాడు. అదే సంచిలో పెట్టి పూడ్చి, పైన బండ నేనే పెట్టాను. ఈ సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పలేదు.

తెల్లారి యాదమ్మ ఫోన్ చేసింది.

"ఏందక్కా, చిట్టిని ఇంట్ల వెట్టి తాళమేసుకపోయినవ్? కిటికీలకెల్లి చూసిన. మగ్గం గుంటల కూసోని మ్యావ్ మ్యావ్‌మని ఒర్లుతాంది."

"ఏ పిల్లో చూసినవ్. చెవు చూసినవా?"

"ఎడమ చెవు చిరిగే ఉన్నది. చిట్టి నాకు ఎర్కలేదా?"

తాళంచెవి నా కొంగుకే ఉంది. గది వెనక్కి వెళ్లాం. బండ పెట్టినచోటే ఉంది. కొడుకు మట్టి తీశాడు. సంచి ఉంది. సంచిలో చిట్టీ ఉంది. ఒళ్లంతా తడిమి చూశాను.

లావణ్య గడపలో నిలబడి అడిగింది, "తొవ్వ చూడనే లేదు గద అవ్వా. ఎట్ల వోయింది?"



మట్టి మళ్లీ కప్పి లోపలికి వచ్చాను. లావణ్య కొత్త బుట్టలోని ఉల్లిగడ్డలు కింద పోసి, అడుగున తన గౌను పరుస్తోంది.